పురాతన ఆయుధాల అధ్యయనం: ఆధార గ్రంథాల ఆవశ్యకత

ఉపోద్ఘాతం:
క్రీ.శ. 848 నాటిదిగా చరిత్రకారులు భావించే అద్దంకి శాసనం పండరంగని విజయాలను తరువోజలో వర్ణిస్తుంది. అతడు బోయల పన్నెండు కొట్టాలను గెలుచుకున్నాడని, కందుకూరును బెజవాడగా చేశాడని అందులో ఉంది. సింగరాయకొండకు పొరుగున ఉన్న కందుకూరు పేరును ఇలా భద్రపరచిన శాసనం, ఆనాటి సైనికుల ఆయుధాలను మాత్రం వర్ణించదు. కావ్యాలలో ఆయుధాల పేర్లు విరివిగా ఉన్నా వాటి ఆకారం తెలియదు. ఆలయాలలో, మ్యూజియాలలో ఆయుధాలున్నా వాటి పేరు, కాలం తరచు సందేహాస్పదమే. ఈ రెండింటినీ అనుసంధానించడంలో ప్రామాణిక ఆధార గ్రంథాల పాత్రను ఈ వ్యాసం వివరిస్తుంది.

పదం – వస్తువు:
తెలుగు నిఘంటువులు అనేక ఆయుధ నామాలకు ‘ఆయుధవిశేషము’ అని మాత్రమే అర్థం చెబుతాయి. ‘కటారి’ అంటే బాకు అని చెప్పినంత మాత్రాన దాని పిడి ఎలా ఉండేదో తెలియదు. ఆయుధ గ్రంథాలలో ‘కటార్’ అనే పేరుతో కనిపించేది ప్రత్యేకమైన ఆయుధం. రెండు సమాంతర కడ్డీల మధ్య అడ్డంగా పిడి ఉంటుంది. పిడికిలి బిగించి గుద్దినట్లుగా దానితో పొడుస్తారు. అయితే ఐన్-ఇ-అక్బరీ చిత్రాలలో ఇలాంటి ఆయుధానికి ‘జమ్‌ధర్’ అనే పేరుంది. కాబట్టి కావ్యంలో కటారి కనిపించిన ప్రతిచోటా ఈ ఆకారాన్నే ఊహించడం కూడా పొరపాటే.

ప్రధాన గ్రంథాలు:
ఎగర్టన్ 1880లో లండన్‌లోని ఇండియా మ్యూజియం ఆయుధాలను ప్రాంతాలవారీగా వర్గీకరించాడు. జార్జ్ కామెరాన్ స్టోన్ 1934లో ప్రపంచ ఆయుధాల సచిత్ర పదకోశాన్ని అకారాది క్రమంలో ప్రచురించాడు. జి.ఎన్. పంత్ 1978 నుంచి వెలువరించిన సంపుటాలు భారతీయ ఆకరాలకు ప్రాధాన్యమిచ్చాయి. రాబర్ట్ ఎల్గుడ్ 2004 నాటి గ్రంథం 1400–1865 మధ్యకాలపు దక్షిణ భారత ఆయుధాలను ఆచారాలతో, శిల్పాలతో కలిపి పరిశీలించింది. తంజావూరును తెలుగు నాయకరాజులు ఏలిన కాలం కూడా ఈ పరిధిలోనే ఉన్నందున తెలుగు పరిశోధకులకు ఇది మరింత ఉపయుక్తం. ఒక గ్రంథం స్థిరపరచిన పేరును మరొకటి ప్రశ్నించవచ్చు. అందువల్ల ఏ ఒక్కదానినో తుది ప్రమాణంగా స్వీకరించరాదు.

కారెంపూడి ఉదాహరణ:
పల్నాటి వీరులవిగా భావించే ఆయుధాలను ‘కొణతాలు’ అంటారు. కార్తిక అమావాస్యతో మొదలయ్యే అయిదు రోజుల కారెంపూడి ఉత్సవాలలో వీటికి పూజలు జరుగుతాయి. కొణతం పవిత్రత సంప్రదాయానికి సంబంధించినది. దాని కాలం లోహం, అతుకు, పిడి, అలంకరణల వంటి ఆధారాలతో నిర్ణయించవలసినది. ఒక ప్రశ్నకు వచ్చిన సమాధానం రెండవదానిని రద్దు చేయదు. ఆధార గ్రంథాలు పరిశీలకునికి ఏ భాగాన్ని కొలవాలో, దేనితో పోల్చాలో నేర్పుతాయి. ఈ అవగాహన లేకుండా పాత ఆయుధాన్ని మెరుగు కోసం అరగదీసినా, పిడి మార్చినా చారిత్రక సాక్ష్యం శాశ్వతంగా నశిస్తుంది.

ముగింపు:
పై గ్రంథాలు ఆంగ్లంలో వెలువడినవి. వాటిలో ఆయుధాల రూపం దొరుకుతుంది గాని, ఆ పేర్లకు తెలుగు కావ్యాలలో, శాసనాలలో, వాడుకలో ఉన్న చరిత్ర దొరకదు. పదం, సాహిత్య ప్రయోగం, శిల్పం, లభ్యమైన వస్తువు – ఈ నాలుగింటినీ ఒకచోట చేర్చే సచిత్ర ఆయుధ పదకోశం తెలుగులో రావాలి. అప్పుడే ‘ఆయుధవిశేషము’ అనే అర్థం దగ్గర ఆగిపోయిన పదాలకు నిజమైన వివరణ లభిస్తుంది.