అచ్చు లేని పలక

టైలు చేసే ప్రెస్సులో ఉక్కు అచ్చు ఉంటుంది. మట్టిపొడిని అందులో నింపి బలంగా నొక్కుతారు. టైలు పెద్దదయ్యేకొద్దీ అచ్చూ, దాని మీద పడాల్సిన బలమూ పెరిగిపోతాయి. మరి మూడు మీటర్ల పలక కావాలంటే? ఇటలీలో మోదెనా దగ్గరి ఫియొరానోలో సిరామిక్ యంత్రాలు తయారుచేసే ఫ్రాంకో స్టెఫానీ అచ్చునే తీసేశాడు. పొడిని బెల్టు మీద పలుచగా పరిచి, చుట్టూ గోడలు లేకుండానే నొక్కే ప్రెస్సు తెచ్చాడు. ఆ పలకల కోసం 2001లో లామినమ్ కంపెనీ పెట్టాడు. పొడవు 3 మీటర్లు, వెడల్పు 1 మీటరు, మందం 3 మిల్లీమీటర్లే! మొదట అవి గోడలకు ఎక్కాయి. మందం 12, 20 మిల్లీమీటర్లకు పెరిగాక వంటగట్టు మీదికి వచ్చాయి.

నొక్కినంత మాత్రాన ఆ పలక పింగాణీ, అంటే పోర్సెలిన్, అయిపోదు. అసలు పని బట్టీలో జరుగుతుంది. పొడిలో తెల్లబంకమట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ ఉంటాయి. సుమారు 1200 డిగ్రీల వేడికి ఫెల్డ్‌స్పార్ కరిగి, బెల్లం పాకం నువ్వులను పట్టినట్టు మిగతా రేణువుల సందుల్లోకి చేరి గాజులా బిగుస్తుంది. పలక కుంచించుకుపోతుంది, రంధ్రాలు మూసుకుపోతాయి. ఈ విద్య చైనాకు వెయ్యేళ్లకు పైగా తెలుసు. యూరప్‌కు 1708లో గానీ పట్టుబడలేదు. శాక్సనీలో చిర్న్‌హౌస్, బోట్గర్ సాధించారు. పోర్సెలిన్ టైలు తన బరువులో 0.5 శాతానికి మించి నీరు పీల్చకూడదని ప్రమాణం. అందుకే పసుపూ నూనే లోపలికి దిగవు. అయితే అద్దంలా పాలిష్ చేస్తే లోపల మూసుకుని ఉన్న సన్న రంధ్రాలు పైకి తెరుచుకుంటాయి. మన వంటకు మెరుపు లేని పలకే మేలని నా నమ్మకం.

మన ఇళ్లలో చాలాకాలం గట్టుకు కడప రాయే వేశారు. అది సున్నపురాయి; నిమ్మరసం, చింతపండు పులుసు పడి ఆగితే మెరుపు పోతుంది. చీమకుర్తి గ్రానైటుకు ఆ బెంగ లేదు. క్వార్ట్జ్ పేరుతో అమ్మే కృత్రిమ రాయిలో రెజిన్ ఉంటుంది కనుక పొయ్యి మీంచి దించిన మూకుడు పెడితే మచ్చ పడొచ్చు. పోర్సెలిన్‌లో కాలే రెజిన్ లేదు.

దీని బలహీనతంతా అంచులోనే. పాలరాతి గీతలు చాలా పలకల్లో పైన ముద్రించినవే, లోపల మట్టి రంగు వేరు. అంచు పెచ్చు ఊడితే ఆ రంగు బయటపడుతుంది, అతుకు కనబడకుండా బాగుచేయడం కష్టం. అందుకే షాపులో పైభాగం చూసి మురిసిపోకుండా కోసిన ముక్క అడిగి అంచు చూడండి. సింకు కోసం కోసే రంధ్రం మూలలు గుండ్రంగా ఉండాలి. పదునైన మూలలో ఒత్తిడి పోగై బీట అక్కడే మొదలవుతుంది. కొబ్బరికాయ కొట్టడానికి, పచ్చడి దంచడానికి మాత్రం వేరే చోటు చూసుకోవాలి.

కోసే మనిషినీ మరవకూడదు. రెజిన్‌తో చేసే కృత్రిమ రాయిని కోసిన కార్మికులకు సిలికా ధూళి వల్ల ఊపిరితిత్తుల జబ్బు రావడంతో ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రాయిని నిషేధించింది. పోర్సెలిన్ ఆ నిషేధంలో లేదు, కానీ దీనిలోనూ క్వార్ట్జ్ ఉంది. ఇంటి ముందు గ్రైండరుతో పొడిగా కోస్తే ఆ తెల్లటి ధూళి పనివాడి ఊపిరిలోకే పోతుంది. నీళ్లు పోస్తూ కోసే యంత్రం ఉన్న చోటే కోయించండి, కాస్త ఖర్చెక్కువైనా సరే.