చెవికి చేరని చరిత్ర

ఒక జాతి చరిత్రము రాజుల వంశావళులలోను, యుద్ధముల తేదీలలోను మాత్రమే యుండదు. అది పాటలో నుండును, పటములో నుండును, డప్పు దెబ్బలో నుండును. ఈ మాటను కాదనువారు లేరు. అయినను, దానిని విద్యార్థులకు బోధించుట యెట్లన్న ప్రశ్న వచ్చునప్పటికి మనము తడబడుచున్నాము. ఆ తడబాటును కన్నులార చూడగోరువారు హైదరాబాదు నడుమనున్న అమీరుపేటకు పోవలయును.

అమీరుపేట సందులలో శిక్షణాలయముల పేరుపలకలు అంతస్తు మీద అంతస్తుగా వ్రేలాడుచుండును. కంప్యూటరు విద్యకై కొందరు, ప్రభుత్వోద్యోగ పరీక్షలకై కొందరు జిల్లాల నుండి యిచటికి వచ్చి, ఇరుకు గదులలో నివసించి, రేయింబవళ్లు చదువుచున్నారు. తెలంగాణ పబ్లిక్ సర్వీసు కమీషను వారి పాఠ్యప్రణాళికలో రాష్ట్రపు సమాజము, సంస్కృతి, వారసత్వము, కళలు, సాహిత్యము చేరియున్నవి. చేరదగినవే. కాని వానిని చదువు తీరు విచారకరముగ నున్నది. పేరిణి యే రాజుల కాలపు నృత్యము? చేర్యాల దేనికి ప్రసిద్ధము? ఒగ్గుకథ యే దేవుని కథ? ఒక్కొక్క ప్రశ్నకు నాలుగేసి జవాబులు, అందొకటి సరియైనది. దానిని గుర్తించిన వానికి మార్కు లభించును. వాడు ఒగ్గు మ్రోగగా వినెనా, చేర్యాల పటము విప్పగా చూచెనా యని యడుగువారు లేరు.

ఇందొక విషాదము గలదు. ఈ యువకులలో ననేకులు ఆ కళలు పుట్టిన పల్లెలవారే. కురుమ యింట పుట్టి, మల్లన్న కథను, బీరప్ప కథను పసితనమున రాత్రులెల్ల విన్నవాడు, నేడు అమీరుపేట గదిలో దానినే ఒక అంకెగా, ఒక యక్షరముగా వల్లించుచున్నాడు. తన యింటి విద్య తనకే పరాయిదై, అచ్చుకాగితము మీద తిరిగివచ్చినది. మేము విద్యార్థిని నిందింపము. తలిదండ్రులు అప్పుచేసి పంపిన సొమ్ముతో చదువుకొనువానికి తీరిక లేదు. తప్పు ప్రశ్న నడుగువారిది. రేపు ఉత్తీర్ణులై మండలములను, జిల్లాలను ఏలవలసినవారు వీరే. కళాకారుని పింఛను కాగితము వీరి బల్లమీదికే వచ్చును. పాత గుడి రాళ్లను కదలించుటయో, కాపాడుటయో వీరి సంతకము మీదనే యాధారపడును. వినని చెవికి ఆ సంతకపు బరువెట్లు తెలియును?

మన పెద్దలు ఈ సమస్యను ఎరుగకపోలేదు. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిన కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లు చేతిపనులతోపాటు చిత్రకళకును అందు స్థానము కల్పించిరి. వంగదేశము నుండి వచ్చిన ప్రమోదకుమార చటోపాధ్యాయుల యొద్ద అడివి బాపిరాజు కుంచె పట్టెను. ఆ బాపిరాజే తరువాత హైదరాబాదున 'మీజాను' పత్రికకు సంపాదకుడయ్యెను. 1919లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చిన రవీంద్రనాథ ఠాకూరు విద్యార్థుల యెదుట తన 1911 నాటి గీతమును పాడగా, ప్రధానాచార్యుని భార్య మార్గరెట్ కజిన్సు దానికి స్వరలిపి కూర్చెను. కవి అచటనే దానిని ఆంగ్లీకరించెను. 1950 జనవరి 24న భారత జాతీయగీతమైనది ఆ పాటయే. మదనపల్లె పిల్లలు దానిని ప్రశ్నపత్రములో కాక, గొంతులో నేర్చిరి.

కళను చరిత్రగా చదువుట యనగా నేమి? పేరిణినే తీసికొందము. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప దేవాలయపు శిల్పములలో నర్తకులు రాతిలో నిలిచియున్నారు. గణపతిదేవుని సేనాని యగు జాయప 'నృత్తరత్నావళి'ని సంస్కృతమున వ్రాసెను. ఏడు వందల యేండ్ల పిమ్మట నటరాజ రామకృష్ణగారు ఆ గ్రంథమును, ఆ శిల్పములను ప్రక్కప్రక్కన పెట్టి పేరిణిని మరల రంగస్థలమునకు తెచ్చిరి. 2021లో రామప్ప ప్రపంచ వారసత్వ పట్టికకెక్కినది. విద్యార్థికి చెప్పవలసినది కాకతీయులన్న జవాబు మాత్రమే కాదు. పోయిన యాటను పుస్తకము నుండియు రాతి నుండియు ఎట్లు తిరిగి కూర్చవచ్చును, ఆ కూర్పులో పాతదెంత, క్రొత్తదెంత యన్న ప్రశ్న కూడ.

ఇంకొక మాట. జాతీయతను బోధించుటయనగా ఒక బొమ్మకు మ్రొక్కించుట కాదు. 1942 నాటి ఒక పాటలో తెలుగుతల్లి తెలుగువారి నోట నిలిచినది. పిమ్మట తెలంగాణోద్యమములో తెలంగాణ తల్లి కిరీటముతో, బతుకమ్మతో వెలసినది. 2024 డిసెంబరు 9న సచివాలయములో ఆవిష్కరింపబడిన విగ్రహమునకు కిరీటము లేదు, బతుకమ్మయు లేదు, చేత పంటలున్నవి. దానిపై వాదములు చెలరేగినవి. వాదములకు మేము వెఱవము. తల్లి రూపము ఎవరు, ఎప్పుడు, ఎవరికొరకు మార్చిరో అడుగ నేర్చిన విద్యార్థి పౌరుడగును. అడుగనేరని వాడు ఊరేగింపులో నొక తల యగును.

అమీరుపేట, పంజాగుట్ట యను పేర్లే యొక పాఠము. అమీరు అరబ్బీ మాట, పేట తెలుగు మాట. పంజా ఫారసీ, గుట్ట తెలుగు. తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగనాడు హిందువులును పీర్లనెత్తి యాడుదురు. మన గుర్తింపు ఒకే దారముతో నేసిన బట్ట కాదని ఇంతకన్న చక్కగా చెప్పు గ్రంథమేది?

మేము కోరునది పెద్దది కాదు. అమీరుపేటలో మెట్రో రైలెక్కి పంజాగుట్ట మీదుగా పోయినచో అయిదవ స్టేషను అసెంబ్లీ. ఆ ప్రక్క బాగ్ ఆమ్‌లోనే రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల గలదు. అచట శిల్పములు, అజంతా చిత్రముల ప్రతులు చూడవచ్చును. శిక్షణాలయములు నెలకొక పూట తమ విద్యార్థులనచటికి పంపవలయును. పాఠశాలలు ఒగ్గు కళాకారులను, చేర్యాల నకాషీలను ఉపాధ్యాయులుగా పిలిచి, తగిన వేతనమిచ్చి కూర్చుండబెట్టవలయును. శాలువ కప్పి పంపివేయుట గౌరవము కాదు. పరీక్షాధికారులు పేరడుగుట మాని, ఒక పటమును ముందుంచి దాని కథను చెప్పుమనవలయును.

నాలుగు జవాబులలో నొకటిగా మిగిలిన కళ నలువది యేండ్లు బ్రదుకదు. చెవిలో పడిన పాట మాత్రము మనుమల నోటికి చేరును. ఈ రెంటిలో మనకేది కావలయునో విద్యాధికారులు ఇకనైన తేల్చుకొందురు గాక.