అద్దెకు తెచ్చిన యంత్రం – మన చేతిలోని ప్రాణం



పరిశుద్ధ గ్రంథంలో రెండు గొడ్డళ్ళ సంగతి ఉంది. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయంలో ఒకడు పొరుగువానితో కలిసి చెట్టు నరకడానికి అడవికి వెళతాడు. గొడ్డలి ఇనుము పిడి నుండి ఊడి పొరుగువానికి తగులుతుంది, అతడు చనిపోతాడు. నరికినవాని మనస్సులో పగ లేదు. అయినా ప్రాణం పోయింది. 2 రాజులు 6వ అధ్యాయంలో యొర్దాను దగ్గర మ్రాను నరుకుతున్న ప్రవక్తల శిష్యుని గొడ్డలి ఊడి నీళ్ళలో పడుతుంది. అది ఎరవు తెచ్చుకున్నది కావడమే అతని దిగులు. ఎలీషా ఆ ఇనుమును తేల్చి ఇచ్చాడు. పోయిన వస్తువు దొరికింది. కాని మొదటి గొడ్డలి తీసిన ప్రాణం తిరిగి రాలేదు.

ఈ రెండు సంగతులూ మన ప్రాంతానికి బాగా వర్తిస్తాయి. సార్వా, దాళ్వా కోతలకు మిషను అద్దెదే. దమ్ముకు ట్రాక్టరు, రోటవేటరు అద్దెవే. కొల్లేటి చెరువుల గట్లు వేసింది పొక్లెయిన్లే, 2006లో కొల్లేరు ఆపరేషన్‌లో ఆ గట్లను కొట్టిందీ పొక్లెయిన్లే. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలలో ఇల్లు కట్టుకునేవారు మిల్లరు, సెంట్రింగ్ సామాను, కటింగ్ మిషను అద్దెకు తెచ్చుకుంటారు. క్రిస్మస్ కూటాలకు జనరేటరు కూడా అద్దెకే వస్తుంది.

అద్దె యంత్రంతో అపాయం ఎందుకు ఎక్కువ?

మొదటి కారణం, దాని జబ్బు మనకు తెలియదు. సొంత ట్రాక్టరుకు బ్రేకు ఎంత తొక్కితే పడుతుందో మన కాలికి తెలుసు. అద్దె బండికి నిన్న ఎవరు ఏమి విరగ్గొట్టారో, ఏ మూత ఊడదీసి పక్కన పడేశారో తెలియదు.

రెండవ కారణం తొందర. అద్దె గంటల లెక్కన నడుస్తుంది. మిషనులో గడ్డి ఇరుక్కుంటే ఇంజను ఆపి తీయడానికి పది నిమిషాలు, ఆపకుండా చేయి పెడితే అర నిమిషం. పది నిమిషాల అద్దె మిగులుతుందని చేయి పెడతాము. ఆ చేయి పోతే జీవితాంతం కట్టే అద్దె ఎంతో లెక్క వేసి చూడండి.

తిరిగే షాఫ్టు

ట్రాక్టరు వెనుక నుండి రోటవేటరుకు శక్తినిచ్చే పి.టి.ఓ. షాఫ్టు సాధారణంగా నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9 చుట్లు. లుంగీ అంచు, చీర కొంగు, చున్నీ, మెడలోని తువ్వాలు తగిలితే ఒక్క సెకనులో రెండు మీటర్ల బట్ట చుట్టుకుంటుంది. అయ్యో అనే లోపల మనిషి కూడా వెళ్ళిపోతాడు. కాబట్టి షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు లేని బండిని పొలంలోకి రానివ్వవద్దు. తిరుగుతున్న షాఫ్టును దాటవద్దు. డ్రైవరు లుంగీతో కాక ప్యాంటుతో ఉండాలి. ఇరుక్కున్నది తీయాలంటే ఇంజను ఆపాలి, తాళంచెవి తీయాలి, లోపల చేయి పెట్టే మనిషి జేబులోనే ఆ తాళంచెవి ఉండాలి. వరికోత మిషనుకు కూడా ఇదే నియమం.

బురదలో దిగబడిన ట్రాక్టరు

కొల్లేటి నల్లమట్టిలో ఇది రోజూ జరిగేదే. చక్రాలకు దుంగ కట్టి ఒక్కసారి ఎక్సలేటరు తొక్కుతారు. చక్రం కదలకపోతే ఇంజను బలమంతా ముందుభాగాన్ని పైకి లేపుతుంది. ట్రాక్టరు వెనక్కు తిరగబడడానికి రెండు సెకన్లు కూడా పట్టదు, దూకే వ్యవధి ఉండదు. ముందు మట్టి తవ్వండి, రివర్సులో ప్రయత్నించండి, కాకపోతే వేరే బండితో క్రింది కొక్కెం నుండి నెమ్మదిగా లాగించండి. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టడం ముద్దు కాదు. ఆ సీటు ఒక్కరిదే.

పొక్లెయిన్ చెరువు గట్టు అంచున నిలబడితే గట్టు జారుతుంది. తవ్వే లోతు ఎంతో, అంచుకు కనీసం అంత దూరంలో ఉండాలి. బకెట్టు తిరిగే మేర లోపల ఎవరూ ఉండరాదు. వెనుక నిలబడినవారు డ్రైవరుకు కనబడరు.

పైనున్న కరెంటు తీగ

పొలాల మీదుగా, చెరువు గట్ల వెంబడి 11 కె.వి. తీగలు వెళుతుంటాయి. ఎత్తిన టిప్పరు తొట్టి, పొక్లెయిన్ చేయి, కోత మిషను ధాన్యం పోసే గొట్టం వాటిని తాకవచ్చు. బండి రాకముందే పగటి వెలుతురులో పొలం చుట్టూ నడిచి తీగలు ఎక్కడున్నాయో డ్రైవరుకు చూపించండి.

ఒకవేళ తాకితే డ్రైవరు లోపలే కూర్చోవాలి, ఎవరూ దగ్గరకు రాకూడదు. 1912కు ఫోను చేసి లైను ఆపించాలి. బండికి మంట అంటుకుంటే మాత్రమే దిగాలి. అప్పుడు కూడా మెట్ల మీదుగా కాదు. రెండు పాదాలు కలిపి, బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా దూకాలి. తరువాత పాదాలు కలిపే చిన్న చిన్న గెంతులతో కనీసం 10 మీటర్లు దూరం పోవాలి. నేలలో కరెంటు వ్యాపించి ఉంటుంది గనుక చాచి అడుగు వేస్తే ఒక కాలి నుండి మరో కాలికి ప్రవహిస్తుంది.

అద్దె మోటారు, ఏరేటరు, బ్రేకరు వంటి వాటి వైర్లను ప్లగ్గు లేకుండా అగ్గిపుల్లలతో సాకెట్టులో దూర్చడం మానాలి. తడిలో పనిచేసేచోట 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు పెట్టించుకుంటే అది ప్రాణాన్ని కాపాడుతుంది.

కటింగ్ మిషను

చేతిలో ఇమిడే నాలుగంగుళాల మిషను నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతుంది. బిళ్ళ అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు. బీట వేసిన బిళ్ళ పగిలితే ముక్క ఆ వేగంతోనే వస్తుంది. పైమూత తీయవద్దు. కళ్ళద్దాలు లేకుండా పట్టుకోవద్దు. రాయి కోసే మిషనుకు కలప కోసే పళ్ళ బిళ్ళ బిగించవద్దు.

కనబడని రెండు అపాయాలు

మొదటిది పొగలోని విషం. జనరేటరు, ఆయిల్ ఇంజను వదిలే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. మన రక్తం ఆక్సిజన్ కంటే దీనిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వాన వచ్చిందని జనరేటరును గదిలోకి, వరండాలోకి తేవద్దు. ఇంజనును గోతిలో దింపి నడపవద్దు. ఒకేచోట ఉన్న నలుగురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తే భోజనాన్ని అనుమానించే ముందు గాలిని అనుమానించండి. అందరినీ బయటకు తీసుకురండి. గోతిలో ఒకరు పడిపోతే వెనకే మరొకరు దిగవద్దు.

రెండవది పొక్లెయిన్ నూనె గొట్టం. అందులోని ఒత్తిడి కారు టైరులోని గాలి కంటే నూరు రెట్లకు పైన ఉంటుంది. సన్నని రంధ్రం నుండి వచ్చే నూనె చర్మంలోకి సూదిలా దిగుతుంది. పైకి సూదిపోటంత గాయం, నొప్పి కూడా ముందు తక్కువే. లోపల మాత్రం కండ కుళ్ళుతుంది, ఆలస్యమైతే వేలు తీసేయవలసి రావచ్చు. లీకు ఎక్కడో వేలితో వెదకవద్దు, అట్టముక్కతో చూడండి. తగిలితే గాయం చిన్నదని ఇంట్లో ఉండిపోక అదే గంటలో సర్జను దగ్గరకు వెళ్ళి నూనె లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పండి.

ప్రమాదం జరిగితే

1. ముందు యంత్రం ఆపండి. ఇరుక్కున్న చేతిని లాగవద్దు, మిషనును వెనక్కు తిప్పవద్దు. బోల్టులు విప్పించండి.
2. 108కు ఫోను చేయండి. మన రాష్ట్రంలో ఈ సేవ 2005 నుండి ఉంది. ఊరు, చెరువు గట్టు, దారి గుర్తు చెప్పి, రోడ్డు మీద ఒక మనిషిని నిలబెట్టండి.
3. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టండి. మాటిమాటికి తీసి చూడవద్దు. చేతి నుండి గాని కాలి నుండి గాని ధారగా వచ్చి ఆగకపోతే గాయానికి పైన వెడల్పాటి బట్టతో బిగించి, కట్టిన సమయం వ్రాసి పెట్టండి. పసుపు, కాఫీ పొడి, సున్నం, పేడ పెట్టవద్దు.
4. వేలు తెగిపడితే దానిని తడిపి పిండిన శుభ్రమైన బట్టలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టి, ఆ కవరును మంచు కలిపిన నీళ్ళలో ఉంచండి. మంచు నేరుగా తగిలితే వేలు పాడవుతుంది. త్వరగా తెస్తే అతికించే అవకాశం ఉంటుంది.
5. కరెంటు తగిలినవారిని ముట్టుకోకముందే మెయిన్ ఆపండి. పెద్ద లైనైతే కర్రతో కూడా తాకవద్దు. ఊపిరి లేకపోతే రొమ్ము మధ్య నిమిషానికి 100 నుండి 120 సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతున నొక్కుతూ ఉండండి.
6. గాయం చిన్నదైనా ధనుర్వాతం టీకా సంగతి అడగండి.

అద్దెకు తెచ్చేటప్పుడు అడగవలసినవి

మూతలన్నీ ఉన్నాయా? బ్రేకు, క్లచ్చు మన ఎదుట చూపించారా? వైరుకు అతుకులు ఉన్నాయా? నడిపేవానికి లైసెన్సు ఉందా, తాగి వచ్చాడా, రాత్రి నిద్ర పోయాడా? ఆపే మీట ఎక్కడుందో మన ఇంటి మనిషికి కూడా తెలుసా? ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాట పడవద్దు. యజమాని విసుక్కుంటే మరొక బండి దొరుకుతుంది.

అద్దెకిచ్చే సహోదరులకు కూడా ఒక మాట. నిర్గమకాండము 22వ అధ్యాయం ఎరవు వస్తువుకు, అద్దె వస్తువుకు చెడిపోతే బాధ్యత ఎవరిదో విడివిడిగా చెబుతుంది. వస్తువు నష్టం అద్దె సొమ్ములో సరిపోవచ్చు. మీరు మూత లేకుండా పంపిన బండి వల్ల పోయిన చేతికి మాత్రం ఏ అద్దే సరిపోదు. పిడి వదులుగా ఉన్న గొడ్డలిని పొరుగువాని చేతికి ఇవ్వకండి.

ఈ కోతల కాలంలో మిషను పొలంలోకి దిగేముందు అయిదు నిమిషాలు దాని చుట్టూ నడిచి చూడండి, తరువాత ప్రార్థన చేసి పని మొదలుపెట్టండి. అందరూ పూర్తి చేతులతో, పూర్తి వేళ్ళతో సాయంత్రం ఇంటికి చేరాలని మా ఆశ, మా ప్రార్థన.