పెరటిలో బీట్‌రూటు

రామతీర్థమున బోధికొండ నీడనున్న పెరళ్లలో కార్తీక పౌర్ణమి దాటిన పిదప వేకువనే అడుగిడినవారి పాదములకు మంచు తగులును. అంతకు ముందటి వానలకు ముద్దయై యుండిన యెఱ్ఱనేల అప్పటికి పదునుకు వచ్చి, పార దింపినచో పొడిపొడిగా విడివడును. బీట్‌రూటు విత్తుటకు మా సీమయందు ఇంతకు మించిన అదను లేదు. ఆ పౌర్ణమినుండి భీష్మైకాదశికి, అనగా రామతీర్థమున సీతారామ కల్యాణము జరుగు దినమునకు, సుమారు 85 దినములుండును. ఈ దుంప కోరునది 60 మొదలు 75 దినములు మాత్రమే.

ముందుగా తొందరపడినవారికి తుపానుల భయము గలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరమును కుదిపివేసినది గదా. ఆలసించినవారికి ఎండ భయము. మధ్యధరా సముద్రతీరముల యడవిమొక్క బీట్‌రూటునకు మూలము. చలిలో ఆకు కూర్చిన చక్కెరను వేరు వలయములు వలయములుగా దాచుకొనును. వేడి ముదిరినచో ఆ వలయములలో కొన్ని తెల్లవాఱి రంగు పలుచనగును. 1747లో బెర్లిను నగరమున మార్‌గ్రాఫ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఈ జాతివే యైన తెల్లదుంపలనుండి చక్కెరను వేఱుచేసెను. నేటి బీటు చక్కెరకు అదియే నాంది.

మనము తినునది వేరు గనుక నేలను జానెడు లోతు త్రవ్వి, రాళ్లేఱి, బాగుగా చివికిన గత్తము కలిపి, నీరు నిలువకుండ మడిని ఎత్తుచేయవలయును. నేను మొదటి యేట బలము చాలదేమో యని పచ్చిపేడ వేసితిని. పెకలించి చూడగా ఒక్కొక్క దుంపయు మూడు కాళ్లుగా చీలి, నిండ పీచువేళ్లతో నుండెను.

విత్తనము నొకదానిని అరచేతిలో వేసికొని చూడుడు: మిరియమంత యుండి, గరుకై, ముడుతలు పడియుండును. మనము గింజ యనుకొనునది కొన్ని కాయలు కలిసి గట్టిపడిన గుత్తి. అందుండి రెండు మొదలు నాలుగు మొలకలు లేచును. రాత్రి నానవేసి, మరునాడు అడుగు ఎడముగల సాళ్లలో ముప్పాతిక యంగుళము లోతున విత్తినచో, వారము పది దినములలో కెంపు కాడల మొలకలు బారులు తీరును. వాని అందమునకు మురిసి ఒక్కదానినైనను తీయక విడిచినవాని మడిలో ఆకు పెరుగును గాని దుంప ఊరదు. నాలుగాకులు తొడుగునప్పటికి నాలుగంగుళముల కొక్క మొక్క నుంచి, తక్కినవానిని పెరుకక, ఉంచదలచినదాని వేరు కదలకుండ గోటితో నేలమట్టమున త్రుంచవలయును. మనసు ఒప్పని పనియే యైనను పంట నిలుచునది దీనిమీదనే. త్రుంచిన మొలకలు వ్యర్థములు గావు. తోటకూరకు చుట్టమే గనుక పప్పులో కమ్మగా నుండును.

పిమ్మట కావలసినది సమమైన తడి. ఎండిన మడికి ఒక్కసారిగా నీరు విడిచినచో దుంప పగులును. మట్టిపైకి భుజములు తేలి పిడికిలంత యైనప్పుడు పెకలించి, రెండంగుళముల కాడను, తోకవేరును ఉంచి తొక్కతోనే ఉడికించినచో రంగు నీటిపాలు గాదు. చింతపండు పులుపు ఆ యెఱుపును నిలుపును. భీష్మైకాదశినాడు కల్యాణము చూచి మా యింట నిలిచిన చుట్టములకు మరునాడు ఆవ పెట్టిన బీట్‌రూటు కూర వడ్డించునప్పుడు, మార్గశిరమున గోటితో త్రుంచిన ఆ మొలకలు నాకు తప్పక జ్ఞప్తికి వచ్చును.