నవ్వితే ఓడినట్టే

2019 మే చివర్లో ట్విట్టర్ నిండా ఒకటే గోల. నేసమణి అనే కాంట్రాక్టరు తల మీద సుత్తి పడిందట, కోలుకోవాలని ప్రార్థించాలట. మే 30న ఢిల్లీలో నరేంద్ర మోదీ రెండోసారి ప్రధానిగా ప్రమాణం చేస్తుంటే, చెన్నై కుర్రకారు మాత్రం నేసమణికి స్పృహ వచ్చిందా అని ఆరా తీస్తున్నారు. ఈ నేసమణి 2001 నాటి తమిళ సినిమా ‘ఫ్రెండ్స్’లో హాస్యనటుడు వడివేలు వేసిన పాత్ర. గోల మొదలైంది ఇలా: పాకిస్తాన్‌కు చెందిన ఒక సివిల్ ఇంజనీరింగ్ ఫేస్‌బుక్ పేజీ సుత్తి బొమ్మ పెట్టి, దీన్ని మీ దగ్గర ఏమంటారని అడిగింది. ఒక తమిళుడు పేరు చెప్పి ఊరుకోక, నేసమణి తల పగిలింది దీంతోనే అని జోడించాడు. దానికి వచ్చిన జవాబుల్లో పరిహాసం లేదు, పరామర్శ ఉంది. ఎవరీ నేసమణి అని బయటివాళ్లు కంగారుపడేకొద్దీ ఆ పరామర్శ మరింత గంభీరమైంది. సుత్తి దెబ్బ పద్దెనిమిదేళ్ల పాత జోకు. కొత్తదల్లా వేలమంది కలిసి నవ్వు బిగబట్టడమే.

నవ్వించేది జోకు కాదు, దాని ముందు నిలవలేక అవస్థపడే మొహం. జపాన్ హాస్యనటుడు హితోషి మత్సుమోతో 2016లో మొదలుపెట్టిన ‘డాక్యుమెంటల్’ షో ఈ ఒక్క సూత్రం మీదే నడిచింది. 2021 ఆగస్టులో అమెజాన్ ప్రైమ్‌లో దాని తమిళ రూపం ‘ఎంగ సిరి పాప్పోం’ వచ్చింది. నడిపినవారు తమిళ నటులు శివ, వివేక్. విడుదలకు నాలుగు నెలల ముందే వివేక్ కన్నుమూశారు. పదిమంది హాస్యగాళ్లు, ఒకే ఇల్లు, ఆరు గంటలు, నవ్వినవాడు బయటికి. అందులో జోకులు చాలావరకు సాదాసీదావే. పెదవి కొరుక్కోవడం, గోడవైపు తిరగడం, లేని దగ్గు తెచ్చుకోవడం మాత్రం చూసేవాళ్ల పొట్ట చెక్కలు చేస్తాయి.

భరతుడు నాట్యశాస్త్రంలో హాసాన్ని ఆరు రకాలు చేసి, పళ్లు కనపడని స్మితాన్ని ఉత్తములకు, ఒళ్లు మరిచే అతిహసితాన్ని అధములకు ఇచ్చాడు. అంటే నవ్వును అదుపులో పెట్టుకోవడం పెద్దరికానికి గుర్తు. ఆ పెద్దరికం జారిపోతుంటే చూడటంలోనే మజా. అందుకే సంతాప సభలో, పరీక్ష హాల్లో వచ్చే నవ్వంత మొండిది మరొకటి ఉండదు. పైగా నవ్వుకు తోడు కావాలి. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో మనిషి దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ తేల్చాడు. ఫోను చూసేది ఒంటరిగానే. తెరమీద ఉక్కిరిబిక్కిరయ్యే మొహమే అక్కడ తోడు. తెలుగు మీముల్లో బ్రహ్మానందం మొహం అరిగిపోకుండా తిరుగుతున్నదీ ఇందుకే అనుకుంటాను.

ఇదంతా నటనేగా అనవచ్చు. కొంత నటనే. కానీ నిజమైన నవ్వులో కంటి చుట్టూ బిగుసుకునే కండరాలు తలుచుకున్నంత మాత్రాన సులువుగా కదలవు. దొంగ అవస్థను చూపరులు చాలాసార్లు పట్టేస్తారు. పరుల బాధ మీద నవ్వు కదా అన్నది ఇంతకంటే బరువైన అభ్యంతరం. రోడ్డు మీద జారిపడ్డ మనిషిని చాటుగా తీసి పంచే వీడియోల విషయంలో అది అక్షరాలా నిజం, వాటిని ఈ కోవలో కలపకూడదు. నేసమణి ఉదంతంలో మాత్రం ఎవరి తలా పగల్లేదు. ఆటపట్టించింది ఒకరినొకరు, వెర్రిమొహం వేసింది సినిమా చూడనివాళ్లు.