తల్లికి షుగరు - బిడ్డకు ముప్పు

వడ్లమూడి అంటే సంగం డెయిరీ గుర్తుకొస్తుంది. ఆ ఊళ్ళో ఒక ఇల్లు అనుకుందాం. కోడలికి ఆరో నెల. అత్త ఆమె చేతిలో సున్నుండ పెట్టింది. "ఇద్దరి తిండి తినాలమ్మా" అంది. అప్పుడే ఆశా కార్యకర్త వచ్చింది.

"పిన్నీ, కోడలికి షుగరు పరీక్ష చేయించారా?"

"అదేంటమ్మాయ్! ఇరవై రెండేళ్ళ పిల్లకి షుగరేంటి?"

చాలామంది ఇలాగే అనుకుంటారు. కాని కొందరికి గర్భంతో ఉన్నప్పుడే కొత్తగా షుగరు వస్తుంది. బయటికి కనపడదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

బిడ్డకేమవుతుంది?

మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. దాన్ని ఒళ్ళు వాడుకోవాలంటే ఇన్సులిన్ కావాలి. గర్భిణికి అది చాలకపోతే రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆ చక్కెర మాయ గుండా బిడ్డకు పోతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం పోదు. అందుకని బిడ్డ ఒంట్లోనే ఇన్సులిన్ ఎక్కువగా తయారవుతుంది. మిగిలిన చక్కెర కొవ్వుగా మారుతుంది. బిడ్డ లావెక్కుతుంది. కాన్పు కష్టమవుతుంది.

ముప్పు అక్కడితో పోదు. మైసూరులో ఒక ఆసుపత్రిలో 1997-98లో గర్భిణులకు షుగరు పరీక్షలు చేశారు. వాళ్ళకు పుట్టిన పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. తొమ్మిదేళ్ళు దాటేసరికి, షుగరున్న తల్లుల పిల్లల్లో కొవ్వు ఎక్కువగా కనపడింది. ఇలాంటి పిల్లలకు పెద్దయ్యాక షుగరు జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ.

పరీక్ష ఎలా చేస్తారు?

75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగిస్తారు. అన్నం తిని వెళ్ళినా ఫరవాలేదు. రెండు గంటల తరువాత రక్తం చూస్తారు. 140 గాని, అంతకంటే ఎక్కువ గాని ఉంటే షుగరు ఉన్నట్టు. ఆసుపత్రికి మొదటిసారి వెళ్ళినప్పుడు ఒకసారి, ఆరు ఏడు నెలల మధ్య మరోసారి చేయించుకోవాలి.

షుగరుంటే ఏం చేయాలి?

భయపడొద్దు. పస్తులుండొద్దు. తీపి మానాలి. అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచాలి. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి. డాక్టరు వద్దనకపోతే రోజూ నడవాలి. చాలామందికి దీనితోనే అదుపులోకి వస్తుంది. రెండు వారాల్లో రాకపోతే డాక్టరు మందు గాని, ఇన్సులిన్ గాని ఇస్తారు.

కాన్పు కాగానే బిడ్డకు తల్లిపాలు పట్టాలి. ఆరు వారాలకు తల్లికి మళ్ళీ పరీక్ష చేయించాలి. ఎందుకంటే తరువాత ఆమెకూ షుగరు జబ్బు రావచ్చు.

ఇదంతా విని అత్త సున్నుండల డబ్బా మూసింది.

"పదమ్మా, ఆసుపత్రికి నేనూ వస్తాను" అంది కోడలితో.

మీ ఇంట్లో గర్భిణి ఉందా? పరీక్ష చేయించారా?