పండిత రమాబాయి విడిచినదేమి?

మతము మార్చుకొన్న స్త్రీ పుట్టినింటి యాచారమునంతయు నేటఁ గలుపునని మనలోఁ గొందఱి తలంపు. పండిత రమాబాయి చరిత్రము చదివిన నట్లు తోఁపదు.

1858లో జన్మించి, తల్లిదండ్రులయొద్ద సంస్కృతమభ్యసించి, ఊరూరఁ బురాణములు చదివి జీవించిన యామె 1883లో ఇంగ్లండునందు బాప్తిస్మము పొందెను. నేనును తండ్రియొద్దనే కావ్యములు చదివినదానను. ఆ పుస్తకములను గట్టిపెట్టుట యెట్టిదో యూహింపఁగలను. అయినను రమాబాయి శాకాహారము విడువలేదు. సిలువపై లాటినుమాటలేల, సంస్కృతముండరాదా యని తన్నాదరించిన క్రైస్తవసన్న్యాసినితోనే వాదించెను! ఇందు మొండితనము కొంత కలదందురేమో. నాకది ముచ్చటగనే యున్నది.

ఆమెను విడిచినవారు మాత్రము పలువురు. శారదాసదనమున బాలికలు తన ప్రార్థనలకు వచ్చుచుండిరని 1893లో పుణె పెద్దలు తొలఁగిరి. కొందఱు బంధువులు బాలికలను గొనిపోయిరి. వితంతుబాలికల చదువునకది గొప్ప నష్టము. ఆమె వెఱవక మిగిలినవారితో నడపెను. హీబ్రూ, గ్రీకు నేర్చి, బైబిలును మరాఠీలోనికిఁ దెచ్చు పనిని 1922లో కన్నుమూయువఱకు విడువలేదు.